కొసముడి లేని దండ

ధూమకూట పర్వతం ఎక్కినవాళ్ళున్నారు గానీ, దిగి వచ్చినవాణ్ణి కళ్ళారా చూశానన్న మనిషి మేఘవర్తి రాజ్యమంతా గాలించినా దొరకడు. అలాంటి కొండ మీదికి ఆ రోజు పొద్దు నడినెత్తికి రాకముందే ఒక ముసలి సిద్ధుడూ ఒక పడుచు శిష్యుడూ ఎక్కిపోతున్నారు. ఒళ్ళంతా విభూతి, నెత్తిన జడలు, చేతుల్లో నాగబెత్తాలు. ఎదురుపడినవాళ్ళు దండం పెట్టి పక్కకు తప్పుకోవాల్సిందే. కానీ ఆ సిద్ధుడు సిద్ధుడు కాదు, ఆ శిష్యుడు మగవాడే కాదు.

శిష్యుడి వేషంలో ఉన్నది విరజ, రాజధాని శోణవతిలోని పూలవీధి పిల్ల. తల్లీతండ్రీ ఒకే ఏడాది పోతే, పన్నెండేళ్ళ వయసు నుంచీ తనే తల్లై చెల్లెలు కేతకిని పెంచుకొచ్చింది. సిద్ధుడి వేషంలో ఉన్నవాడు వాళ్ళ మేనమామ వల్లభుడు. పూలవీధికి ఆయనే పెద్ద.

నలభై రోజుల కిందట కేతకి పూలబుట్ట నెత్తిన పెట్టుకుని కోటకు బయలుదేరింది. పదిహేనేళ్ళ పిల్ల. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి అక్కను వెక్కిరించి మరీ వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా పింగళా నది మెట్ల మీద శవమై దొరికింది. పాము కరిచిందని కొత్వాలు ఒక్క మాటతో తేల్చి చేతులు దులుపుకున్నాడు. చెల్లెలికి ఆఖరి స్నానం చేయించింది విరజే గనక, ఆ మాట ఎంత అబద్ధమో ఆమెకు తెలుసు. ఒంటి మీద ఎక్కడా కాటు లేదు. మెడ చుట్టూ మాత్రం సన్నటి ఎర్రగీత ఉంది. బిగుసుకుపోయిన కుడి గుప్పిట్లో ఒక పూరేకు ఉంది, నల్లగా, అంచున నీలంగా. పూలవీధిలో పుట్టి పెరిగిన విరజకు తెలియని పువ్వంటూ లేదు. ఆ పువ్వు తెలియలేదు.

ఆ ఒక్క రేకు పట్టుకుని తిరిగింది. కొత్వాలు నవ్వాడు. రాజవైద్యుడు రేకు చూడగానే తలుపు వేసుకున్నాడు. పొరుగు రాజ్యంలో దొంగలు తరిమారు, పింగళ వరదలో పడవ తిరగబడింది. చివరికి అడవిలో మూలికలు ఏరుకునే ఒక గుడ్డి అవ్వ ఆ రేకు నాలుకకు తాకించుకుని థూ అని ఉమ్మేసింది.

"ఇది కాలకేసరం తల్లీ! ధూమ్రకేశుడనే మాంత్రికుడి గుహలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పూయదు. వాడి ఎదటికి పోయి బతికిన ప్రాణి లేదు. మిట్టమధ్యాహ్నం వేళ మాత్రం వాడి నీడ వాడి కాళ్ళ కిందికి పోతుంది. అప్పుడు మంత్రం పారదు. అందుకని ఆ రెండు గడియలూ కొండ వెనక కొలనులో మెడలోతు నీళ్ళలో దాక్కుంటాడు. ఎందుకొచ్చిన పీడ! అది పారేసి ఇంటికి పో" అంది.

విరజ పారెయ్యలేదు. ఇంటికీ పోలేదు. ఇంట్లో ఎవరున్నారు గనక? "ఒంటరిగా ఎక్కడికి పోతావమ్మా, నేనూ వస్తాను" అని మామ వెంట నడిచాడు. లోకంలో తనకంటూ మిగిలింది ఈ ఒక్క మనిషే కదా అని విరజ ఆ రోజు ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చింది.

కొండ దగ్గరపడేకొద్దీ చెట్ల రంగు మారిపోయింది. మొదళ్ళు రాగిరంగులో ఉన్నాయి, ఆకులు బూడిదరంగులో ఉన్నాయి. గాలి వీస్తున్నా ఒక్క ఆకూ కదలడం లేదు. రాళ్ళ సందుల్లోంచి సన్నగా పొగలు లేచి, మెలికలు తిరిగి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని, శిఖరం చుట్టూ నల్లటి తలపాగా చుట్టినట్టు నిలిచి ఉన్నాయి. పిట్ట కూయదు, పురుగు అరవదు. పూలు మాత్రం విరగబూసి ఉన్నాయి, తెల్లవీ పచ్చవీ, కోసే చెయ్యి లేక నేల మీద మోకాలెత్తు రాలిపోయి ఉన్నాయి. ఆ పూల మధ్య, రెండు బండల నడుమ, తలుపు లేని రాతి ద్వారం నోరు తెరుచుకుని ఉంది. ద్వారానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది గండనాసికమనే భూతం. దానికి కళ్ళు లేవు. ఉన్న ముఖమంతా ముక్కే.

"ఆగండ్రా! ఎవరు మీరు?" అని గర్జించింది.

"హిమగిరి నుంచి వస్తున్న సిద్ధులం నాయనా. నీ దొరను దీవించి పోదామని" అన్నాడు వల్లభుడు గంభీరంగా.

భూతం రెండుసార్లు గాలి పీల్చి, కొండ అదిరేటట్టు నవ్వింది. "సిద్ధులా! సిద్ధుల దగ్గర గంజాయి కంపు కొడుతుంది, ఉతకని కౌపీనం కంపు కొడుతుంది. మీ చేతులకు సన్నజాజి వాసనెందుకు వస్తోందిరా? తడి అరటినార వాసనెందుకు వస్తోంది? పైగా వీళ్ళలో ఒకటి ఆడపిల్ల! ఇవాళ నాకు భోజనం నడుచుకుంటూ వచ్చింది."

అంటూనే తాటిచెట్టంత చెయ్యి చాచింది. విరజ వెనక్కి తగ్గలేదు. తగ్గి బతికి చేసేది కూడా ఏమీ లేదు ఆమెకు.

"మహానుభావా, నీ ముక్కు ముందు మా వేషం నిలుస్తుందా! మేం పూలవాళ్ళం. దారిలో దొంగల భయానికి ఈ బూడిద పూసుకున్నాం. దొరగారికి ఎందరో దండలు కడతారు. ద్వారం కాసే నీ మెడలో ఎవరైనా ఏనాడైనా ఒక్క దండ వేశారా?" అంది.

భూతం చెయ్యి ఆగిపోయింది. కాసేపు ముక్కు గోక్కుంది. "లేదు" అంది చిన్న గొంతుతో. మళ్ళీ బింకం తెచ్చుకుని, "సరే! నేను నూరు లెక్కపెట్టేలోగా నా మెడకు సరిపోయే దండ కట్టండి. ఒక్క అంకె దాటిందా, ఇద్దర్నీ కలిపి నంజుకుంటాను. ఒకటి... రెండు..." అని మొదలుపెట్టింది.

ఆ మెడ ధాన్యపు గాదె అంత ఉంది. పన్నెండు మూరలైనా లేకపోతే చుట్టు రాదు. విరజ పైగుడ్డ పట్టి పరుగెత్తింది. తెల్లపూలు దోసిళ్ళతో ఎత్తింది, వాటి నడుమ ఉమ్మెత్త పూలు పుష్కలంగా కలిపింది. ఏ పువ్వుతో మనిషికి మత్తెక్కుతుందో పూలవీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఇక దండ తనే కట్టాలి. మామ చేతులు పదేళ్ళుగా పని చెయ్యవు. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద జపమాల తిప్పుతున్నట్టు అస్తమానం ఆడుతూనే ఉండేది. ఒకనాడు రాజ్యంలోకెల్లా గొప్ప పనివాడు, అన్నం కూడా తన చేత్తో తినలేక విరజ కలిపి పెడితే తినేవాడు. ఈ నెల్లాళ్ళలోనే ఆ వణుకు తగ్గింది. కొండవైద్యుడి నూనె మహిమ అని అందరితోనూ చెప్పుకున్నాడు. తగ్గితే తగ్గింది గానీ, నూరు లెక్కపెట్టేలోగా పన్నెండు మూరలా?

"ఇలా తే!" అన్నాడు వల్లభుడు.

నార అందుకున్నాడో లేదో, వేళ్ళు కంటికి కనిపించలేదు. పూలు వాటంతట అవే వెళ్ళి నారలో కూర్చుంటున్నాయా అన్నట్టు దండ పాకిపోతోంది. "ముప్పై... నలభై..." అంటోంది భూతం. విరజ పూలు అందిస్తూనే చూస్తోంది. ఆరు పూలు, ఒక ఆకు రెమ్మ. మళ్ళీ ఆరు పూలు, ఒక రెమ్మ. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మామా, ఇది కేతకి వరస కదా! ఆరు పూలకొక మరువం రెమ్మ పెట్టేది అదొక్కతే."

వల్లభుడు తల ఎత్తలేదు. "చేతికి అదే వస్తోందమ్మా. పిల్ల జ్ఞాపకం."

విరజకు కన్నీళ్ళు ఆగలేదు. ఎంత ప్రేమ లేకపోతే దాని వరస కూడా చేతికి వస్తుంది అనుకుంది. "తొంభై ఎనిమిది" అనేసరికి వల్లభుడు నార చివర చుట్టి కొసముడి వేశాడు. దండ పూర్తయ్యాక చివర వేసే ఆ ముడి లేకుండా పూలవీధిలో ఏ దండా గడప దాటదు, ఒక్క చనిపోయినవాళ్ళ దండ తప్ప. వాళ్ళ దండకు కొస తెరిచి వదిలెయ్యాలి. ముడి వేస్తే పోయే ప్రాణానికి దారి మూసుకుపోతుందంటారు. కేతకికి ఈ కొసముడి అంటేనే చిరాకు. బతికున్నన్నాళ్ళూ దండంతా చకచకా కట్టేసి, "కొస అక్కది!" అని ఒడిలో పడేసి వీధిలోకి పరుగు తీసేది.

గండనాసికం దండ మెడలో వేసుకుని, పూలన్నీ ముక్కుకేసి అదుముకుని, ఇంకా ఇంకా పీల్చింది. "బాగుందే... ఎవరూ... ఇన్నాళ్ళూ..." అంటూ పక్కకు ఒరిగి గురక పెట్టింది.

ఇద్దరూ ఆ కాళ్ళు దాటుకుని లోపలికి దూకారు. పది అడుగుల్లో దారి తెగిపోయింది. ఎదురుగా గుండ్రటి బిలం, అడుగు కనిపించడం లేదు. లోతుల్లోంచి కాలకేసరాల వాసన, తీపిగా, కుళ్ళుగా, పైకి కొడుతోంది. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది. రెండు గడియలే వ్యవధి.

వల్లభుడు నడుముకు చుట్టుకున్న మోకు విప్పి బండకు ఒక చుట్టు తిప్పి, కొస రెండు చేతులా పట్టుకున్నాడు. "ఈ వయసులో నేను దిగలేనమ్మా. నువ్వు దిగు. పని కాగానే రెండుసార్లు గుంజు, లాగేస్తాను. నా చేతుల్లో ఇప్పుడు ఏనుగును లాగే బలముంది."

"జాగ్రత్త మామా" అంది విరజ. దిగేది తనైనా జాగ్రత్త చెప్పింది ఆయనకే.

మోకు పట్టుకుని జర్రున జారింది. అరచేతులు మండిపోయాయి. కాళ్ళు నేలకు తాకగానే చల్లటి గాలి ఒక్కసారి ముఖాన కొట్టి, వెంటనే వెనక్కి పోయింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పోయింది. గాలి కాదది, ఊపిరి. నేలంతా పరుచుకుని, చుట్టల మీద చుట్టలుగా, ఒక మహాసర్పం నిద్రపోతోంది. దాని పొలుసుల్లో కాలకేసరాలు వేళ్ళు తన్ని పూసి ఉన్నాయి. దాటాలంటే చుట్టల మీద కాలు పెట్టక తప్పదు. ఊపిరి వదిలినప్పుడు ఒళ్ళు సడలుతుంది, అప్పుడే అడుగు వెయ్యాలి. తీసుకునేటప్పుడు కదిలిందో, ఇక అంతే. విరజ కళ్ళు మూసుకుని దండ కట్టే లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, మరువం! సరిగ్గా మరువం దగ్గర పాము ఊపిరి వదిలింది. ఒక అడుగు. మళ్ళీ ఆరు, మళ్ళీ మరువం, ఇంకో అడుగు. తొమ్మిది అడుగులు వేసేసరికి ఒళ్ళంతా చెమటతో విభూతి కరిగి కారిపోయింది. పదో అడుగుకు అవతలి గట్టు దొరికింది.

అక్కడొక మందిరం ఉంది. గోడలు స్ఫటికం, స్తంభాలు గోమేధికం, కప్పుకు వేలాడే దీపాల్లో నూనె లేదు, వత్తి లేదు, నీలిమంట మాత్రం వెలుగుతోంది. అంతటి వైభవంలో కూర్చోవడానికి ఒక్క పీట లేదు. ఎదురు గోడకు మూడు ఇనుప మేకులు కొట్టి ఉన్నాయి. ఒక్కో మేకుకు ఒక్కో దండ వేలాడుతోంది. ఒక్కో దండ కింద ఒక్కో పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్ళు పొగలా పలచగా ఉంది, వెనకనున్న గోడ కనిపిస్తోంది.

మొదటి పిల్ల అడుగుల చప్పుడుకు చటుక్కున తలెత్తింది. "మా అమ్మా?" అంది. చూసి, కాదని తెలిసి, మళ్ళీ తల వాల్చేసుకుంది. రెండో పిల్ల కూడా నోరు తెరిచి ఏదో అనబోయింది గానీ శబ్దం రాలేదు. మూడో మేకు కింద...

"అక్కా! ఆ జడలేమిటే? ఛీ, చిక్కులు పడ్డ కొబ్బరిపీచులా ఉన్నావు!"

విరజ పరుగెత్తి వెళ్ళి కౌగలించుకోబోయింది. చేతులు గాలిని కౌగలించుకుని తన ఒంటికే తగిలాయి. అక్కడే కూలబడి, ఇన్నాళ్ళూ అణుచుకున్నదంతా ఒక్కసారి బద్దలై, బావురుమని ఏడ్చింది.

"ఏడవకక్కా. పాము లేస్తుంది" అంది కేతకి మెల్లగా.

"ఎవరే నిన్ను ఇలా చేసింది? పేరు చెప్పు. ఒక్క పేరు చెప్పవే!"

కేతకి నోరు తెరిచింది. పెదాలు ఆడాయి, మాట రాలేదు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఆ పేరు నా నోటికి రాకుండా మాంత్రికుడు కట్టేశాడక్కా."

మొదటి మేకు కింది పిల్ల అందుకుంది. "ఇక్కడి దొర కోరేది మా ఆయుష్షక్కా. బతకాల్సిన ఏళ్ళన్నీ తాగేశాడు. తనే ఊళ్ళలోకి వచ్చి, కాలకేసరం ఒకటి చేతిలో పెట్టి బేరం కుదుర్చుకుంటాడు. మమ్మల్ని అప్పగించినవాళ్ళకు బదులుగా మాలో ఉన్న పనితనం ఇస్తాడు. నేను నాట్యం చేసేదాన్ని. నా కాళ్ళు ఒక ముసలి నాట్యగత్తెకు ఇచ్చి, ఆమె కీళ్ళనొప్పులు నాకు పెట్టాడు. ఇదిగో, దీని గొంతు ఎవరికో పోయింది. మీ చెల్లెలివి చేతులు."

కేతకి రెండు చేతులూ ముందుకు చాచింది. పూలవీధిలోకెల్లా చురుకైన చేతులు. అవి వణుకుతున్నాయి. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద, జపమాల తిప్పుతున్నట్టు, ఆగకుండా ఆడుతోంది.

పదేళ్ళు తను అన్నం కలిపి పెట్టిన వణుకు విరజకు తెలియదా? "కాదు" అంది. "కాదు, కాదు" అంటూనే మేకు మీది దండ వంక చూసింది. అది తను కట్టిన దండే. చెల్లెలి చితి మీద వెయ్యమని కట్టింది. "నీ చేత్తో ఆ పని వద్దమ్మా, నేను పెడతాను" అని మామ అందుకున్న దండ. చితితో పాటు కాలిపోయిందని మామ చెప్పిన దండ. ఒక్క పువ్వు వాడకుండా ఇక్కడ వేలాడుతోంది. మెడ మీది ఆ సన్నటి గీత ఏమిటో కూడా అప్పుడు తెలిసింది విరజకు. తడి అరటినార. రోజూ పట్టుకునే నారే.

దండ కొస చూసింది. కొసకు ముడి ఉంది. పొందిగ్గా, బిగువుగా, తన చేతి ముడి.

"ముడి వేసేశావక్కా" అంది కేతకి. "నువ్వు వెయ్యకపోతే ఆ రోజే వెళ్ళిపోయేదాన్ని. అది మూసుకుపోబట్టే దొర నన్ను పట్టుకోగలిగాడు."

ఎప్పుడు వేసింది? ఎలా వేసింది? ఆ రోజు కళ్ళు కనిపించలేదు, చెవులు వినిపించలేదు. కేతకి వదిలేసిన కొసలన్నీ ఏళ్ళ తరబడి ముడి వేసిన చెయ్యి, ఆ కొస కూడా అలవాటు కొద్దీ వేసేసింది. వీధిలో ఏ ముసలమ్మ చూసినా అరిచి ఆపేది. ఎదురుగా నిలబడి చూసిన వీధిపెద్ద మాత్రం నోరు మెదపలేదు.

"నేనే... నా చేత్తో నేనే..." అని విరజ తల గోడకేసి కొట్టుకుంది.

"చాల్లే అక్కా, వేళ దాటిపోతోంది" అంది కేతకి. "విను. వేసిన చెయ్యే విప్పాలి, ఇంకెవరు తాకినా ముడి కదలదు. కానీ నువ్వు విప్పొద్దు. విప్పితే నా చేతులు నాతో వచ్చేస్తాయి. ఈ వణుకు ఎవరిదో వాళ్ళకే పోతుంది. పైన నీ మోకు పట్టుకున్నది..." ఆ పైన మాట గొంతులోనే తెగిపోయింది. "నువ్వు ముందు పైకి పో. నేనుంటాను. నాకు అలవాటైపోయింది."

"దండ తీసుకుని పైకెళ్ళి విప్పుతాను."

"గడప దాటితే బూడిదవుతుందక్కా. దానితో పాటు నేనూ."

ఎక్కడో రాతి గోడల వెనక నీళ్ళు చిందిన చప్పుడైంది. కొలనులోంచి ఎవరో లేచారు. వెంటనే శంఖం పూరించినట్టు ఒక ధ్వని గుహంతా పాకింది.

విరజ దండ చేతిలోకి తీసుకుంది. నలభై రోజులు వెతికి, దొరికిన చెల్లెల్ని నాలుగు మాటలకే పోగొట్టుకోవాలి. గోటితో ముడి సందు వెతికింది. తన పనితనాన్ని తనే తిట్టుకుంది, అంత గట్టిగా ఉందది. కేతకి వద్దు వద్దంటూ చేతులు అడ్డం పెట్టింది. ఆ చేతుల్లోంచే విరజ వేళ్ళు పోయాయి. ముడి సడలింది.

"బతికినన్నాళ్ళూ కొస నాకు వదిలేసి పరిగెత్తేదానివి కదే" అంది విరజ. "పరిగెత్తు."

నార జారి తెరుచుకుంది. కేతకి చేతులు ఆడటం ఆగిపోయింది. వాటిని ఆశ్చర్యంగా ఒకసారి తిప్పి చూసుకుంది. గుమ్మం దగ్గర వెక్కిరించినట్టే అక్కను వెక్కిరించింది. ఇక అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. విరజ చేతిలోని పూలన్నీ ఒక్క క్షణంలో వాడి నల్లబడ్డాయి.

ఏడవడానికి కూడా వ్యవధి లేదు. దండ అక్కడే వదిలేసి, మొదటి మేకు దగ్గరికి దూకి ఆ పిల్ల దండ ముడి లాగింది. గోళ్ళు విరిగాయి గానీ, ఆ పిల్ల తల్లి వేసిన ముడి కదల్లేదు. వెనుదిరిగి పాము చుట్టల మీదుగా పరుగెత్తింది, ఆరూ లెక్కపెట్టలేదు, మరువమూ లెక్కపెట్టలేదు. సర్పం బుస్సుమని కదిలింది. బిలం అడుగున వేలాడుతున్న మోకు అందుకుంది.

మోకు వణుకుతోంది.

కొస నుంచి పై దాకా, సన్నగా, ఆగకుండా వణుకుతోంది. పైనుంచి వల్లభుడి కేక వినిపించింది. "విరజా! ఏం చేశావే? ఆ దండ ముడి విప్పేశావా?"

ఏ దండ గురించీ ఆమె ఆయనకు చెప్పలేదు.

"లోపల ఏమీ దొరక్క తిరిగొస్తావనుకున్నానే! నా చేతులు పోయాయే! అయ్యో, నా చేతులు!"

"ఎవరి చేతులు మామా?" అని అరిచింది విరజ.

పైనుంచి వెక్కిళ్ళ చప్పుడు వినిపించింది. "పదేళ్ళు... పదేళ్ళు నువ్వు ముద్దలు కలిపి పెడుతుంటే నాకెలా ఉండేదో నీకేం తెలుసే! అది చిన్నపిల్ల, దానికి నొప్పి తెలియకుండానే..." ఆ మాట పూర్తి కాలేదు. మోకు మొత్తం చుట్టలు చుట్టలుగా విరజ నెత్తిన వచ్చి పడింది. వదిలేశాడో, వణికే చేతుల్లోంచి జారిందో ఆమెకు తెలియలేదు. తెలిసినా ఇప్పుడు ఒరిగేది లేదు.

వెనక సర్పం తల ఎత్తుతోంది. ముందు గోడ నున్నగా ఉంది, పాకడానికి ఒక్క పట్టు లేదు. శంఖధ్వని మందిరం దాకా వచ్చేసింది. విరజ మోకు చేతికి చుట్టుకుని, సర్పం పడగ విప్పేలోగా దాని మెడ కింద నుంచి దూకి, మందిరంలోకే వెనక్కి పరుగు తీసింది. సర్పం గడప దాటి రాలేదు. స్తంభాల చాటున దాక్కుందామంటే అవి అద్దాల్లా అవతలిది చూపిస్తున్నాయి. మూడు మేకులున్నాయి. మూడో మేకు కింద చోటు ఖాళీగా ఉంది.

జడలు పీకి మోకుతో సహా వెనక్కి నెట్టేసింది. జుట్టు విప్పి ముఖం మీదికి వదులుకుంది. ఒంటి మీద మిగిలిన విభూతి మళ్ళీ మెత్తుకుని పొగరంగు తెచ్చుకుంది. చెల్లెలు కూర్చున్న చోట చెల్లెలు కూర్చున్నట్టే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇక మిగిలింది నేల మీద తను వదిలేసిన వాడిన దండ. ముడి లేక అది మేకుకు నిలవదు. కొసముడి వెయ్యని దండ బతికున్నవాళ్ళు వేసుకోరు. విరజ మెడలో వేసుకుంది.

"అక్కా" అంది మొదటి మేకు కింది పిల్ల గుసగుసగా. "మా అమ్మ కూడా దారిలో ఉందా?"

"ఉందమ్మా" అని విరజ అబద్ధమాడింది.

నీలి దీపాలన్నీ ఒక్కసారి తలలు వంచాయి. తడి పాదాల చప్పుడు గడప దాటింది. నేల మీద పొడుగాటి నీడ ముందు వచ్చింది, దాని వెనక ధూమ్రకేశుడు వచ్చాడు. రోజూ చేసే పనే అన్నట్టు తీరిగ్గా మేకుల వరస చూసుకుంటూ నడిచాడు.

"ఒకటి" అన్నాడు. రెండడుగులు వేసి, "రెండు" అన్నాడు.

విరజ ఊపిరి బిగబట్టి, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టి, మామ వణుకు తెచ్చుకోవాలని చూసింది. తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది. అవి అప్పటికే వణుకుతున్నాయి.

తడి పాదాలు ఆమె ఎదట ఆగాయి.